ఐఈపీలో రాసింది బడిలో జరగకపోతే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమెరికా ప్రభుత్వ బడుల్లో ప్రత్యేక విద్య పొందుతున్న పిల్లల తల్లిదండ్రులు పంపిన ఉత్తరాల్లో ఈసారి ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పిల్లవాడికి ఏ సేవ ఎంత అందాలో రాసి ఇచ్చే ఐఈపీ అనే వ్యక్తిగత ప్రణాళికలోని మాటను బడి నిలబెట్టుకోనప్పుడు రాష్ట్ర విద్యాశాఖకు ఫిర్యాదు చేయవచ్చా, చేస్తే ఏమవుతుంది అన్నదే ఆ విషయం. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాము.

ప్రశ్న: మేము డల్లాస్ పక్కన ఉంటున్నాము. మా బాబుకు ఏడేళ్లు, ఆటిజం ఉంది. వాడి ఐఈపీలో వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున స్పీచ్ థెరపీ అని రాశారు. క్రిస్మస్ సెలవుల తరువాత థెరపిస్టు ఉద్యోగం మానేశారు. ఆ తరువాత బడి మూసే దాకా ఎవరో ఐదుసార్లు వచ్చి వెళ్లారు, అంతే. ఎప్పుడు అడిగినా ‘మనిషి దొరకడం లేదు’ అంటున్నారు. ఫిర్యాదు చేద్దామంటే మా వారు, హెచ్1బీ మీద ఉన్నాము, గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నాము, మనకెందుకీ గొడవ అంటున్నారు. పైగా క్లాస్ టీచరు చాలా మంచావిడ. ఆమెకు చెడ్డపేరు వస్తుందేమోనని నాకు బెంగ.

జవాబు: ముందుగా మీ వారి భయం సంగతి చూద్దాము. ఈ ఫిర్యాదు వెళ్లేది టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీకి. అది విద్యాశాఖే తప్ప ఇమిగ్రేషన్ ఆఫీసు కాదు. ఫిర్యాదులో ఉండవలసిన వివరాల్లో వీసా ప్రస్తావన లేదు. తగిన పత్రాలు లేని కుటుంబాల పిల్లలను సైతం ప్రభుత్వ బడిలో ఉచితంగా చేర్చుకోకుండా ఆపడానికి వీలు లేదని అమెరికా సుప్రీంకోర్టు 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో తీర్పు ఇచ్చింది. ఆ కేసు పుట్టింది కూడా మీ టెక్సస్‌లోనే, టైలర్ అనే ఊళ్లో. చట్టబద్ధంగా ఉంటూ, ఇంటి అద్దెలోనో ఇంటి పన్నులోనో బడికి డబ్బు కడుతున్న మీరు వెనకాడవలసిన పని లేదు.

టీచరు విషయంలో మీ మొహమాటం అర్థం చేసుకోదగినదే. అయితే ఈ ఫిర్యాదు ఆమె మీద కాదు, ఆమెను కూడా థెరపిస్టు లేకుండా వదిలేసిన స్కూల్ డిస్ట్రిక్టు మీద, అంటే మీ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ మీద. ఆమె పేరును తప్పు చేసిన మనిషిగా ఎక్కడా రాయనక్కరలేదు.

ఇక అసలు విషయానికి వస్తే, మీది రాష్ట్ర ఫిర్యాదుకు అచ్చంగా సరిపోయే సమస్య. 1975లో వచ్చి, 1990లో ఐడియా అని పేరు మార్చుకున్న, ప్రత్యేక విద్యకు సంబంధించిన అమెరికా కేంద్ర చట్టం ప్రకారం ఐఈపీలో రాసిన ప్రతి నిమిషమూ పిల్లవాడికి అందాలి. ఉద్యోగి దొరకలేదన్న కారణానికి ఆ చట్టంలో మినహాయింపు లేదు. ఎంత థెరపీ కావాలన్నది వాదించుకోవలసిన విషయమే కాని, రాసినది జరిగిందా లేదా అన్నది లెక్క చూసి తేల్చేది. ఫిర్యాదు చేయడానికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. నిరూపించే బరువు కూడా విచారణ కోర్టులో మాదిరిగా మీ నెత్తిన పడదు, ఎందుకంటే విచారించవలసింది రాష్ట్రమే.

రాసే తీరులో మాత్రం మనవాళ్లు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. అర్జీలు రాసిన అలవాటు కొద్దీ ‘మా పరిస్థితిని సానుభూతితో పరిశీలించి’ అని మొదలుపెట్టి, బాబు పుట్టినప్పటి నుంచి పడిన కష్టమంతా నాలుగు పేజీలు రాసి, చివరి పేరాలో థెరపీ మాట ఎత్తుతారు. విచారణ చేసే ఉద్యోగికి వాటిలో పనికివచ్చేది ఆ చివరి పేరా ఒక్కటే. మీరు ఇంగ్లీషులో రాయవలసిన ముఖ్యమైన భాగాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: ‘అమలులో ఉన్న ఐఈపీ ప్రకారం మా అబ్బాయికి వారానికి రెండుసార్లు 30 నిమిషాల స్పీచ్ థెరపీ అందాలి. జనవరి 13 నుంచి మే 16 వరకు, స్ప్రింగ్ బ్రేక్ పోను, 17 వారాల్లో 34 సెషన్లు జరగాలి. జరిగినవి ఐదు. మిగిలిన 29 సెషన్లు, అంటే 870 నిమిషాలు, అందలేదు.’ దీని కింద ఆ ఐదు సెషన్ల తేదీలు, మీరు అడిగిన ఈమెయిళ్లు, వాళ్లు ఇచ్చిన జవాబులు తేదీల వరుసలో పెట్టండి. చదివేవారికి ఇంకేమీ చెప్పవలసిన అవసరం ఉండదు.

రాసే ముందే థెరపీ హాజరు లాగ్ కావాలని బడికి ఈమెయిలు పంపండి. పిల్లవాడి రికార్డులు చూపించడానికి వారికి చట్టం ఇచ్చిన గరిష్ఠ గడువు 45 రోజులు. ప్రోగ్రెస్ రిపోర్టు కూడా తీసి చూడండి. థెరపిస్టే లేని నెలల్లో సైతం స్పీచ్ లక్ష్యాల పక్కన ‘ప్రగతి ఉంది’ అని టిక్కు పెట్టి ఉండటం అరుదైన సంగతేమీ కాదు. అటువంటి కాగితం ఒకటి దొరికితే అది మీ ఫిర్యాదుకు పది పేజీల పెట్టు. కారు దగ్గర, కారిడార్‌లో చెప్పిన మాటలు మాత్రం ఎవరికీ గుర్తుండవు కాబట్టి, అలా ఏదైనా చెబితే ఆ సాయంత్రమే ‘ఈ రోజు మీరు ఇలా చెప్పారు’ అని రెండు వాక్యాల ఈమెయిలు పంపడం అలవాటు చేసుకోండి.

ఫిర్యాదులో డిస్ట్రిక్టు చట్టాన్ని ఉల్లంఘించిందన్న వాక్యం, దానికి ఆధారమైన వాస్తవాలు, పిల్లవాడి పేరు, చిరునామా, బడి పేరు, సమస్య స్వరూపం, మీరు కోరుతున్న పరిష్కారం, మీ సంతకం, మిమ్మల్ని సంప్రదించే వివరాలు ఉండాలి. రాష్ట్రం ఒక నమూనా ఫారం ఇస్తుంది కాని, దాని మీదే రాయాలని పట్టుబట్టడానికి వీలు లేదు. అదే రోజు ఒక ప్రతిని స్కూల్ డిస్ట్రిక్టుకు కూడా పంపాలి. దీన్ని మరచిపోయేవారు చాలామంది. ఫిర్యాదు రాష్ట్రానికి చేరిన తేదీ నుంచి వెనక్కి ఒక సంవత్సరం లోపల జరిగిన ఉల్లంఘనలే లెక్కకు వస్తాయి. కాబట్టి ఇంకో ఐఈపీ సమావేశం, ఇంకో హామీ అంటూ వచ్చే ఏడు దాకా ఆగితే జనవరిలో పోయిన సెషన్లు ఒక్కొక్కటిగా గడువు దాటిపోతాయి.

‘కోరుతున్న పరిష్కారం’ అన్న చోట చాలామంది ‘న్యాయం చేయండి’ అని రాసి ఊరుకుంటారు. మీరు 870 నిమిషాల పరిహార థెరపీ కోరండి. అది మామూలు సెషన్లకు అదనంగా ఉండాలని, లెక్కల క్లాసు మధ్యలో నుంచి పిల్లవాడిని లేపి తీసుకువెళ్లి ఇవ్వకూడదని, ఏ తేదీలోగా పూర్తి చేస్తారో చెప్పాలని రాయండి. ఈలోగా మీరు సొంత డబ్బుతో బయట థెరపీ చేయించి ఉంటే రసీదులు జతచేసి ఆ ఖర్చు తిరిగి ఇప్పించమని అడగవచ్చు.

రాష్ట్రం మామూలుగా 60 క్యాలెండర్ రోజుల్లో లిఖితపూర్వకమైన నిర్ణయం ఇవ్వాలి. అసాధారణ పరిస్థితులు ఉంటేనో, ఇరుపక్షాలూ మధ్యవర్తిత్వానికి ఒప్పుకుంటేనో ఆ గడువు పెరుగుతుంది. ఈలోగా డిస్ట్రిక్టు జవాబు చెబుతుంది, అదనపు సమాచారం ఇచ్చే అవకాశం మీకూ ఉంటుంది. తప్పు తేలితే దాన్ని వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా ఏడాది లోపల సరిదిద్దాలి. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇంకొకటి ఉంది. మీ బాబు ఒక్కడికే కాక, అటువంటి పిల్లలందరికీ ఇక ముందు సేవలు సరిగ్గా అందేలా చూడవలసిన బాధ్యత కూడా రాష్ట్రానిదే. మానేసి వెళ్లిన ఆ థెరపిస్టు జాబితాలో మీ అబ్బాయి ఒక్కడే ఉండి ఉండడు కదా.

టెక్సస్‌లో పిల్లలందరికీ కలిపి అన్యాయం జరిగిన చరిత్ర కూడా ఉంది. ప్రత్యేక విద్య పొందే పిల్లలు 8.5 శాతానికి మించకూడదన్నట్టుగా 2004 నుంచి రాష్ట్రమే ఒక కొలమానం పెట్టుకోగా, హ్యూస్టన్ క్రానికల్ పత్రిక 2016లో దాన్ని బయటపెట్టింది. అది చట్టవిరుద్ధమని కేంద్ర విద్యాశాఖ 2018 జనవరిలో తేల్చింది. ఆ ఏళ్లలో ఎందరో తల్లిదండ్రులు తమ పిల్లవాడికి అర్హత లేదంటే నిజమేనని నమ్మి ఊరుకున్నారు.

ప్రశ్న: కాలిఫోర్నియా బే ఏరియాలో ఉంటాము. నాలుగేళ్ల పాపకు మాటలు రావడం లేదు, పరీక్షలు చేయండని బడిని అడిగాము. ఇంట్లో తెలుగు మాట్లాడటం వల్లే ఇలా అవుతోంది, ముందు ఇంగ్లీషు రానివ్వండి, తరువాత చూద్దాము అన్నారు. మా అత్తగారు పాపతో మాట్లాడటమే మానేశారు. దీనిమీద ఫిర్యాదు చేయవచ్చా?

జవాబు: ముందు మీ అత్తగారిని మాట్లాడమనండి. రెండు భాషలు వినడం వల్ల మాటల లోపం రాదు. లోపం నిజంగా ఉంటే అది తెలుగులోనూ కనబడుతుంది, అసలు సాక్ష్యం అదే. ‘నీళ్లు కావాలి’ అని ఈడు పిల్లలు అనే వయసులో పాప చేయి పట్టుకుని బిందె దగ్గరకు లాక్కుపోతోందంటే, ఆ సంగతి మీ అత్తగారికే బాగా తెలుస్తుంది. ఆమె చెప్పినవి రాసి పెట్టుకోండి.

మీరు ఇప్పటివరకు నోటిమాటగా అడిగినట్టున్నారు. వెంటనే లిఖితపూర్వకంగా అడగండి. మీ రాష్ట్రంలో అలా అడిగిన 15 రోజుల్లో బడి ఏ పరీక్షలు చేస్తుందో చెప్పే అసెస్‌మెంట్ ప్లాన్ ఇవ్వాలి, మీ సంతకం అందాక 60 రోజుల్లో పరీక్షలు ముగించి ఐఈపీ సమావేశం జరపాలి. పెద్ద సెలవులు ఈ లెక్కలోకి రావు. పరీక్ష చేయబోమంటే కారణాలతో రాతపూర్వకమైన నోటీసు ఇవ్వాలి. పరీక్షలు కూడా, బొత్తిగా సాధ్యం కాకపోతే తప్ప, పిల్లవాడి మాతృభాషలో గాని, సరైన సమాచారం రాబట్టే రీతిలో గాని జరగాలి. ఈ గడువుల్లో ఏది దాటినా, నోటీసు రాకపోయినా, తెలుగు సంగతి పట్టించుకోకుండా ఇంగ్లీషు ప్రశ్నలతోనే ముగించినా కాలిఫోర్నియా విద్యాశాఖకు ఫిర్యాదు చేయవచ్చు. ఇవాళే ఫిర్యాదు చేస్తే మాత్రం తొందరపాటు. ముందు ఆ ఉత్తరం వెళ్లి గడియారం తిరగడం మొదలుకావాలి.

ప్రశ్న: న్యూజెర్సీలో మా అబ్బాయిని మామూలు తరగతి నుంచి తీసి, వేరే ఊళ్లోని ప్రత్యేక బడికి మారుస్తామని నోటీసు ఇచ్చారు. మాకు ఇష్టం లేదు. రాష్ట్రానికి ఫిర్యాదు రాస్తే ఆగుతుందా?

జవాబు: ఆగదు, అందుకే ఈ జవాబును జాగ్రత్తగా చదవండి. రాష్ట్ర ఫిర్యాదు పెట్టినంత మాత్రాన బడి తన నిర్ణయాన్ని నిలిపివేయనక్కరలేదు. ఉన్న చోటే ఉంచే రక్షణ కావాలంటే డ్యూ ప్రాసెస్ హియరింగ్ (మీకూ బడికీ మధ్య వివాదం మీద జరిగే అధికారిక విచారణ) కోరాలి. మీ రాష్ట్రంలో ఐతే మధ్యవర్తిత్వం కోరినా ఆ రక్షణ లభిస్తుంది. నోటీసు అందిన 15 రోజుల్లో మీరు ఈ రెంటిలో ఒకటి కోరకపోతే బడి తన ప్రతిపాదన అమలు చేయవచ్చు. కాబట్టి ముందు కవరు మీది తేదీ చూడండి.

డ్యూ ప్రాసెస్ కోర్టు వంటిది. సాక్షులు, నిపుణులు, ఖర్చు ఉంటాయి. హియరింగ్ కోరినవారే తమ వాదన నిరూపించుకోవాలని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది కాని, న్యూజెర్సీ 2008లో చట్టం చేసి ఆ బరువు స్కూల్ డిస్ట్రిక్టు మీదే పెట్టింది. ఇది మీకు కలిసివచ్చే సంగతి. ఒకే అంశం మీద రెండు దారులూ పట్టినట్టయితే, హియరింగ్ ముగిసే దాకా రాష్ట్రం ఆ అంశంపై తన విచారణ పక్కన పెడుతుంది. ఫీజు లేకుండా సలహా ఇచ్చే పేరెంట్ సెంటర్ ప్రతి రాష్ట్రంలోనూ కేంద్రం నిధులతో ఉంది. మీ దగ్గర స్పాన్ అనే సంస్థ ఆ పని చేస్తోంది. రేపే ఫోన్ చేయండి.

ప్రశ్న: వచ్చే వేసవికి హైదరాబాద్ తిరిగి వచ్చేస్తున్నాము. మా అబ్బాయి అక్కడే పుట్టాడు, భారతీయ పాస్‌పోర్టే. అక్కడ కూడా ఇటువంటి ఫిర్యాదు ఉంటుందా?

జవాబు: ఉంటుంది కాని, అదే మోతాదులో ఆశించకండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు దగ్గరి బడిలో గాని, కోరుకున్న ప్రత్యేక బడిలో గాని ఉచిత విద్య హక్కు ఇచ్చింది. ఆ హక్కు దక్కకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. విచారణలో సాక్షులను పిలిపించడానికి, పత్రాలు తెప్పించడానికి ఆయనకు సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. ఆయన ఇచ్చేది మాత్రం సిఫార్సు. దానిపై తీసుకున్న చర్యను సంబంధిత శాఖ మూడు నెలల్లో ఆయనకు తెలపాలి. ఐఈపీ మాదిరిగా వారానికి ఇన్ని నిమిషాలని రాసి చేతికి ఇచ్చే కాగితం అక్కడ చాలా బడుల్లో ఉండదు కాబట్టి, ఇన్ని నిమిషాలు పోయాయని లెక్క చూపించడం కష్టం. అందుకే బయలుదేరే ముందే అమెరికా బడి నుంచి పరీక్షల నివేదికలు, చివరి ఐఈపీ, ప్రోగ్రెస్ రిపోర్టులు పూర్తిగా తీసుకోండి. మనవైపు అందరూ సదరం అని పిలిచే వైకల్య పరీక్షకు, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేసేటప్పుడు ఆ కాగితాలను డాక్టర్లకు చూపించండి. కొత్త బడి హెడ్మాస్టరుకు వాటి ప్రతులను కవరింగ్ లెటర్‌తో ఇచ్చి, మీ ప్రతి మీద తేదీ వేసి సంతకం చేయించుకోండి.