ఎస్‌ఎంపీఎస్ కాలితే మదర్‌బోర్డు కూడా పోతుందా? యూపీఎస్ ఉంటే చాలదా?

యూపీఎస్ ఉన్నాక ఇంకా భయమెందుకని అడిగారు. నేనూ అదే ధీమాతో ఉండి ఒక మదర్‌బోర్డు, ఒక హార్డ్‌డిస్కు పోగొట్టుకున్నానండి.

ఎస్‌ఎంపీఎస్ అంటే కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా. నాది షాపతను క్యాబినెట్‌తో పాటే ఇచ్చిన ఎస్‌ఎంపీఎస్. మీద 450 వాట్లని స్టిక్కరు, చేత్తో పట్టుకుంటే ఖాళీ డబ్బాలా తేలిక. ఒక సాయంత్రం టప్పుమంది, గదంతా కాలిన వాసన. కొత్తది తెచ్చి పెట్టినా బోర్డు లేవలేదు. డిస్కులో మా అమ్మాయి చిన్నప్పటి ఫొటోలు. యూపీఎస్ మాత్రం నిక్షేపంగా ఉంది!

యూపీఎస్ కాపలా గోడ ప్లగ్గు వైపే. 230 వోల్టుల ఏసీని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చేది ఎస్‌ఎంపీఎస్. దాని లోపల వోల్టేజీని అదుపు చేసే సర్క్యూటే చెడిందనుకోండి, 12 రావలసిన చోట ఎంతొస్తే అంతా నేరుగా బోర్డుకు, డిస్కుకు తగులుతుంది. దాన్ని ఆపాల్సింది మళ్లీ ఆ ఎస్‌ఎంపీఎస్సే. మంచివాటిలో వోల్టేజీ హద్దు దాటగానే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. కొనేముందు వివరాల్లో ఓవీపీ (వోల్టేజీ హద్దు దాటితే ఆపేది), ఓసీపీ (కరెంటు మరీ ఎక్కువ లాగితే ఆపేది), ఎస్‌సీపీ (షార్ట్ సర్క్యూటైతే ఆపేది) ఉన్నాయో లేదో చూడండి. '80 ప్లస్' ముద్ర ఒక్కటే చూసి కొనకండి. అది కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుందంతే, రక్షణ గురించి కాదు. ప్రాసెసర్‌లో వెయ్యి రూపాయలు తగ్గించుకునైనా ఇక్కడ పెట్టమంటాను.

రెండోది ఎర్తింగ్. మన ఇళ్లలో ప్లగ్గుకు మూడో రంధ్రం చాలాచోట్ల అలంకారానికే. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందా? ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఎర్త్ సరిగా లేకపోతే వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకితే అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ స్ట్రిప్పు కూడా పూర్తిగా పనిచేయదు. ఉరుములు మొదలైతే ఆ స్ట్రిప్పును కూడా నమ్మను, ప్లగ్గు పీకేస్తాను. లాన్ కేబులు కూడా.

ఇప్పుడు ఆర్నెల్లకోసారి సిస్టమ్ నడుస్తుండగా మల్టీమీటర్ పెట్టి చూస్తాను. పసుపు వైరుకీ నలుపుకీ మధ్య 11.4 నుంచి 12.6 లోపు ఉండాలి. మీ కేబుళ్లన్నీ నలుపే అయితే పిన్నుల పటం చూసుకోండి. అయితే మీటరు బాగుందన్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. లోడు పెరగ్గానే రీస్టార్ట్ అవుతున్నా, కాలిన వాసన వస్తున్నా మార్చేయడమే.

పోయిన ఎస్‌ఎంపీఎస్‌ని 'ఒకసారి చూద్దాం' అని ఇంకో సిస్టమ్‌కి తగిలించకండి. మూత కూడా విప్పొద్దు, ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా మిగిలి ఉండొచ్చు. కేబుళ్లు విడిగా ఊడదీసుకునే మాడ్యులర్ రకమైతే పాత కేబుళ్లు కొత్తదానికి వాడొద్దు. కనెక్టర్ చక్కగానే దూరుతుంది గానీ, కంపెనీని బట్టి పిన్నుల వరస మారిపోతుంది. 5 వోల్టుల చోటికి 12 వెళ్లిందంటే డిస్కు అక్కడికక్కడే పోతుంది.

ఫొటోలంటారా, రికవరీ వాళ్లు సగం తీసిచ్చారు. వాళ్లకిచ్చిన డబ్బుతో రెండు మంచి ఎస్‌ఎంపీఎస్‌లు వచ్చేవి.