కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ బదులు సప్లిమెంట్లు వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 57. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. ఆరేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. గత నెల పరీక్షలో టోటల్ కొలెస్ట్రాల్ 248, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 168, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 42, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఇంకో రకం కొవ్వు) 190 వచ్చాయి. డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మందు, రోసువాస్టాటిన్ 10 మి.గ్రా. రాశారు. స్టాటిన్లతో కండరాలు, లివరు పాడవుతాయని విని ఇంకా మొదలుపెట్టలేదు. విదేశంలో ఉన్న మా అబ్బాయి రెడ్ ఈస్ట్ రైస్, నియాసిన్ 500, చేపనూనె క్యాప్సూల్స్ పంపాడు. ఇవి కాక మల్టీవిటమిన్, జుట్టు రాలకుండా బయోటిన్, వారానికొకటి విటమిన్ డి 60,000 యూనిట్లు వేసుకుంటున్నాను. పొద్దున చోడి (రాగి) జావ తాగుతాను, నూనె తగ్గించాను, రోజూ నడుస్తున్నాను. ఇవన్నీ కలిపి వాడొచ్చా? మావారికి రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. ఆయనకీ ఇవ్వొచ్చా?

జవాబు: అమ్మా, ముందుగా ఆ రెడ్ ఈస్ట్ రైస్ సీసా పక్కన పెట్టండి. స్టాటిన్‌కి భయపడి మీరు దీన్ని తెచ్చుకున్నారు. కానీ ఇందులో ఉన్నదీ స్టాటినే. అన్నం మీద ఒక రకం ఎర్ర బూజును పెంచి, పులియబెట్టి దీన్ని తయారుచేస్తారు. ఆ బూజులోంచి మొనాకొలిన్-కె అనే పదార్థం వస్తుంది. 1987లో అమెరికాలో మందుగా అనుమతి పొందిన లోవాస్టాటిన్, ఈ మొనాకొలిన్-కె రసాయనికంగా ఒక్కటే. కాబట్టి మీరు భయపడుతున్న కండరాల నొప్పులు, లివర్ ఎంజైములు పెరగడం దీనితోనూ రావచ్చు.

తేడా ఎక్కడంటే, మందుల షాపులో ఇచ్చే మాత్ర మీద 10 మి.గ్రా. అని ఉంటే లోపల పదే ఉంటుంది. ఈ సీసాలో ఎంత ఉందో చెప్పడం కష్టం. ఒక కంపెనీ మాత్రలో బాగా ఉంటుంది, ఇంకో కంపెనీ మాత్రలో దాదాపు ఏమీ ఉండదు. బూజు పెంపకంలో జాగ్రత్త తప్పితే సిట్రినిన్ అనే విషం కూడా తయారవుతుంది. అది కిడ్నీలకు హాని చేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు కిడ్నీలను కళ్లలో పెట్టుకుని చూసుకోవాల్సింది పోయి, ఇలాంటి దాన్ని లోపలికి పంపడం నాకు మింగుడు పడదు. ఐరోపా యూనియన్ కూడా 2022లో సప్లిమెంట్లలో మొనాకొలిన్ రోజుకు 3 మి.గ్రా. కంటే తక్కువే ఉండాలని నిబంధన పెట్టింది.

రెడ్ ఈస్ట్ రైస్ అసలు పనిచేయదని నేను అనడం లేదు. మొనాకొలిన్ సరిపడా ఉంటే పనిచేస్తుంది. అప్పుడది మందే, మందులాగే లెక్కపెట్టి వాడాలి. బజారులో దొరికే సీసాల సంగతి వేరు. 2022లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో కొందరికి రోసువాస్టాటిన్ 5 మి.గ్రా. ఇచ్చారు. మిగతావారికి చేపనూనె, దాల్చినచెక్క, వెల్లుల్లి, పసుపు, ప్లాంట్ స్టెరాల్స్ (మొక్కల్లో ఉండే కొలెస్ట్రాల్ లాంటి పదార్థాలు), రెడ్ ఈస్ట్ రైస్‌లలో ఒక్కో బృందానికి ఒక్కోటి, ఇంకో బృందానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 28 రోజుల తర్వాత స్టాటిన్ వాడినవారిలో ఎల్‌డీఎల్ దాదాపు 38 శాతం తగ్గింది. ఆరు సప్లిమెంట్లలో ఏదీ ఉత్తుత్తి మాత్ర కంటే చెప్పుకోదగ్గ మేలు చేయలేదు. మన గుగ్గులు మీద 2003లో అమెరికాలోనే జరిగిన పరీక్షలో ఎల్‌డీఎల్ తగ్గకపోగా కాస్త పెరిగింది.

ఇక నియాసిన్. ఇది బి3 విటమినే కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. మల్టీవిటమిన్‌లో ఉండేది పది, పదిహేను మిల్లీగ్రాములు. మీ సీసాలోని ఒక్క మాత్రలో 500. ఈ మోతాదులో ముఖం, ఒళ్లు ఎర్రబారి మంటలు పుడతాయి. డోసు పెరిగేకొద్దీ రక్తంలో షుగర్ పెరుగుతుంది, లివరు మీదా భారం పడుతుంది. ఒకప్పుడు మేమూ దీన్ని కొలెస్ట్రాల్‌కి రాసేవాళ్లం. 2011, 2014లలో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాల్లో స్టాటిన్‌కి తోడుగా ఇచ్చినా గుండెపోట్లు తగ్గలేదని తేలాక మానేశాం. షుగర్ ఉన్న మీకు ఇది అసలే వద్దు.

చేపనూనె ఎల్‌డీఎల్‌ని తగ్గించదు. పెద్ద మోతాదులో ట్రైగ్లిజరైడ్లను తగ్గిస్తుంది. మామూలు 1000 మి.గ్రా. క్యాప్సూల్‌లో అసలు ఒమేగా-3 దాదాపు 300 మి.గ్రా.లే ఉంటుంది, మిగతాదంతా వేరే కొవ్వు. డోసు పెంచుకుంటూ పోతే కొందరిలో గుండె లయ తప్పుతుంది. ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్లో ఉంటూ ఈ సీసా ఎందుకమ్మా? మీరు చేపలు తినేవారైతే వారానికి రెండుసార్లు కవళ్లో, కానాగడతలో తెచ్చి పులుసు పెట్టుకోండి. వేపుడు మాత్రం వద్దు. మీ ట్రైగ్లిజరైడ్లు 190 కాబట్టి షుగర్ అదుపులోకి వచ్చి, రాత్రిపూట అన్నం తగ్గితే చాలావరకు అవే దిగుతాయి.

విటమిన్ల దగ్గర మీరు ఊహించని ఒక సంగతి ఉంది. మీ రిపోర్టులో థైరాయిడ్ ప్రస్తావన లేదు. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, స్టాటిన్‌తో కండరాల నొప్పులూ ఎక్కువగా వస్తాయి. అందుకే ముందు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చూడాలి. అయితే జుట్టుకి వేసుకునే బయోటిన్ చాలా ల్యాబుల్లో వాడే పరీక్ష పద్ధతిని తప్పుదోవ పట్టిస్తుంది. టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికంటే తక్కువగా చూపించి, జబ్బు ఉన్నా లేనట్టే రిపోర్టు ఇస్తుంది. గుండెపోటు అనుమానంతో చేసే ట్రోపోనిన్ పరీక్షనూ కొన్నిసార్లు చెడగొడుతుంది. కాబట్టి కనీసం మూడు రోజులు బయోటిన్ ఆపి అప్పుడు రక్తం ఇవ్వండి. ఆపిన సంగతి ల్యాబులో చెప్పండి కూడా.

మీకు నిజంగా అవసరపడగల విటమిన్ బి12. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే అది తగ్గుతుంది. కాళ్ల తిమ్మిర్లు షుగర్ వల్లేనని సరిపెట్టుకుంటూ, బి12 లోపాన్ని చూసుకోనివాళ్లను ఓపీలో తరచూ చూస్తుంటాను. ఒకసారి పరీక్ష చేయించుకోండి. విటమిన్ డి సాచెట్లు ఎన్ని వారాలుగా వాడుతున్నారో మీరు రాయలేదు. మామూలుగా ఎనిమిది వారాలకు రాసి ఆపేస్తాం. ఎవరూ ఆపమనలేదు కదా అని ఏళ్లకేళ్లు వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది. విటమిన్ డి స్థాయి చూశాకే కొనసాగించాలి.

మీ ఆహారం సంగతికొస్తే, దారి మంచిదే. నూనె మనిషికి నెలకు అరలీటరు, ముప్పావు లీటరు మధ్య ఉండేలా చూసుకోండి. సాయంత్రం బజ్జీలు, బేకరీ పఫ్‌లు ఇంట్లో కొలిచిన నూనె లెక్కలోకి రావు కాబట్టి వాటిని కూడా గుర్తుంచుకోండి. చోడి జావ తాగండి కానీ పెద్ద గ్లాసుడు వద్దు, బాగా ఉడికిన పలచటి జావ షుగర్‌ని త్వరగా పెంచుతుంది. బెండకాయ, చిక్కుడు, ఉలవలు, బొబ్బర్లు, శనగలు, జామకాయ లాంటివాటిలో ఉండే జిగురు పీచు ఎల్‌డీఎల్‌ని కిందికి లాగుతుంది. సప్లిమెంటు ఏదైనా ఒకటి వేసుకోవాలని ఉంటే మీకు నేను రాసేది ఇసబ్‌గోల్ పొట్టు. రోజుకు సుమారు పది గ్రాములు, రెండు మూడు సార్లుగా, ప్రతిసారీ నిండు గ్లాసు నీళ్లతో తాగితే ఎల్‌డీఎల్ 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. మాత్రలకీ దానికీ రెండు గంటల ఎడం ఉంచండి.

కానీ లెక్క చూడండి. ఆహారం, ఇసబ్‌గోల్, నడక అన్నీ కలిసి 15 శాతం తగ్గించాయనుకుందాం. మీ 168 కాస్తా 143 అవుతుంది. షుగర్ ఉన్నవారికి ఎల్‌డీఎల్ 70 లోపు ఉండాలని కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ దూరం తిండితో పూడదు. మీ శ్రద్ధలో లోపం ఏమీ లేదమ్మా, కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగాన్ని మన లివరే తయారుచేస్తుంది. స్టాటిన్ పనిచేసేది అక్కడే.

మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. స్టాటిన్‌తో కండరాల నొప్పులు వచ్చేవాళ్లు ఉన్నారు. అయితే నొప్పుల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి ఇంగ్లండులో ఏ నెలలో ఏ మాత్ర ఇస్తున్నారో చెప్పకుండా స్టాటిన్, ఉత్తుత్తి మాత్ర మార్చి మార్చి ఇచ్చారు. 2020లో వచ్చిన ఆ ఫలితాల్లో, స్టాటిన్‌తో పడ్డ బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ కనిపించింది. నొప్పి నిజమే, కారణం మాత్రం చాలాసార్లు ఆ మందు కాదు. ఈ మందు షుగర్‌ని కొద్దిగా పెంచే మాట నిజం. మీ గుండెకు జరిగే మేలు దానికంటే చాలా ఎక్కువ. లివర్ పరీక్ష ఒకటి చేయించుకుని మొదలుపెట్టండి. రెండు తొడలూ, భుజాలూ విపరీతంగా నొప్పి పుట్టినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లండి. గ్యాస్ సిరప్ తాగే అలవాటుంటే రోసువాస్టాటిన్ వేసుకున్న రెండు గంటల తర్వాతే తాగండి, లేకపోతే మందు సరిగా ఒంటబట్టదు.

మీవారి విషయంలో మాత్రం ఖచ్చితంగా చెబుతున్నాను, ఆ సీసాల్లో ఒక్కటీ ఆయనకు ఇవ్వకండి. స్టెంట్ పడ్డవారు సాధారణంగా స్టాటిన్ మీద ఉంటారు. దాని మీద రెడ్ ఈస్ట్ రైస్ పడితే రెండు స్టాటిన్లు వేసుకున్నట్టే. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచన చేసే మందులతో పాటు చేపనూనె, విటమిన్ ఇ, వెల్లుల్లి క్యాప్సూల్స్ వేసుకుంటే రక్తస్రావం భయం పెరుగుతుంది. చారులో వేసే వెల్లుల్లికి ఈ మాట వర్తించదు.

మీ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పేర్లు రాసుకెళ్లడం కాదు, సీసాలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. మన దగ్గర అమ్మే సప్లిమెంట్ల లేబుల్ మీద ‘మందుగా వాడేందుకు కాదు’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది మీ అబ్బాయికి కూడా చూపించండి, ప్రేమతో పంపాడు, తెలిస్తే తనే ఆపుతాడు. స్టాటిన్ మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు లిపిడ్ పరీక్ష మళ్లీ చేయించుకోండి. అప్పటికి ఎల్‌డీఎల్ 90 దగ్గర ఆగినా కంగారు పడి మందు మానేయొద్దు. స్టాటిన్ డోసు పెంచడమో, ఎజెటిమైబ్ అనే ఇంకో చిన్న మాత్ర కలపడమో మీ డాక్టరు చూస్తారు.