నాన్‌స్టిక్ పెనం ఆవిరి పెంపుడు పిట్టలకు ప్రమాదమా?

ప్రశ్న: మా ఫ్లాట్‌లో వంటగదికీ హాలుకీ మధ్య గోడ లేదు. హాల్లోని పంజరంలో రెండు బడ్జీలు, ఒక కాకటీల్ ఉన్నాయి. నాన్‌స్టిక్ పెనం ఆవిరికి పక్షులు చనిపోతాయని పక్కింటివారు అంటున్నారు. మాకెప్పుడూ ఏ వాసనా రాలేదు. పెనం డబ్బా మీద ‘పీఎఫ్ఓఏ లేనిది’ అని కూడా రాసి ఉంది. అయినా భయపడాలా?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: పక్కింటివారు చెప్పింది నిజమేనండి. నాన్‌స్టిక్ పూత సాధారణంగా పీటీఎఫ్ఈ అనే పదార్థం. పీఎఫ్ఓఏ ఆ పూత తయారీలో ఒకప్పుడు వాడిన వేరే రసాయనం కనుక, అది లేనంత మాత్రాన మీ పిట్టలకు రక్షణ దొరకదు. వేడి సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాటితే పూత చెడిపోవడం మొదలై, మంట పెరిగేకొద్దీ విషవాయువులను, కంటికి కనిపించని సూక్ష్మకణాలను వదులుతుంది. వాసన రాలేదని ధైర్యంగా ఉండడానికి వీల్లేదు.

పులుసో కూరో ఉడుకుతున్నంతసేపు అందులోని నీరు గిన్నెను అంత వేడెక్కనివ్వదు. అసలు చిక్కు దోసెల దగ్గరే వస్తుంది. పిండి వేయకముందు ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద కాల్చడం మనకు అలవాటు, అలా కాలిన పెనం కొద్ది నిమిషాల్లోనే ఆ హద్దు దాటగలదు.

మనం పీల్చిన గాలి వచ్చిన దారినే తిరిగి పోతుంది. పక్షిలో మాత్రం గాలిసంచుల సాయంతో అది ఊపిరితిత్తుల గుండా ఒకే దిశలో సాగుతూ, శ్వాస తీసేటప్పుడూ వదిలేటప్పుడూ కూడా ప్రాణవాయువును అందిస్తుంది. ఎగరడానికి అక్కరకొచ్చే ఆ ఏర్పాటే విషాన్నీ అంతే బాగా లోపలికి చేరుస్తుంది. మనిషికి చలిజ్వరం, దగ్గుతో పోయే ఆవిరికి, బడ్జీ అంతటి చిన్న ప్రాణి ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై నిమిషాల్లో చనిపోవచ్చు.

అందుచేత అన్నిటికంటే ముందు దోసె పెనాన్ని మార్చి, ఇనుపది వాడండి. దాని మీదైనా నూనె మాడి పొగ రానివ్వకండి, ఆ పొగ కూడా పిట్టలకు చేటే. శాండ్‌విచ్ మేకర్, ఎయిర్ ఫ్రయర్, ఇస్త్రీపెట్టెలకు కూడా ఇదే పూత ఉండవచ్చు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా, పంజరాన్ని కిటికీ ఉన్న దూరపు పడకగదికి మార్చి, వంటవేళ తలుపు వేయండి.

పిట్ట నోరు తెరిచి రొప్పుతున్నా, ఊపిరితో పాటు తోక ఊగుతున్నా, కొమ్మ మీద నిలవలేక పడిపోతున్నా, స్టవ్ ఆపి వెంటనే స్వచ్ఛమైన గాలిలోకి తీసుకెళ్లండి. దీనికి విరుగుడు మందు లేదు. ఆక్సిజన్ పెట్టి ఊపిరి నిలబెట్టడమే చికిత్స. కుక్కలను, పిల్లులను చూసే వైద్యులందరూ పక్షులను చూడరు కాబట్టి, ఆక్సిజన్ సదుపాయంతో పక్షులకు వైద్యం చేసేవారు మీకు దగ్గరలో ఎవరున్నారో ఈ వారమే విచారించి, వారి నంబరు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంచండి.