మీ పెన్షన్ వేరు సారూ, మీ వాడి పెన్షన్ వేరు

ప్రశ్న: నేను 1986లో సెకండరీ గ్రేడ్ టీచరుగా (ఎస్జీటీ) చేరి 2019లో రిటైరయ్యాను. మాది దేవరకొండ. మా అబ్బాయి వయసు 28. బీఎస్సీ మ్యాథ్స్, బీఈడీ చేశాడు, టెట్ కూడా పాసయ్యాడు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో నెలకు 32 వేలకు పనిచేస్తున్నాడు. అది మానేసి దిల్‌సుఖ్‌నగర్‌లో డీఎస్సీ (సర్కారు టీచరు పోస్టుల పరీక్ష) కోచింగ్‌కు పొమ్మంటున్నాను. ఎస్జీటీ అయినా సరే, సర్కారు కొలువు అంటే ముసలితనంలో పెన్షన్ ఉంటుంది కదా, నేను తింటలేనా అని నా వాదన. "నీ పెన్షన్ నాకు రాదు నాన్నా" అని వాడి వాదన. ఇద్దరిలో ఎవరిది రైటు?

జవాబు: సారూ, మీ అబ్బాయి చెప్పింది నిజం. మీకొస్తున్న లాంటి పెన్షన్ అతనికి రాదు. అంతమాత్రాన టీచరు కొలువు వద్దనుకోవాలా అంటే, అదీ కాదు. ఈ రెండింటినీ ఒకే మూటలో కట్టడం వల్లనే మీ ఇంట్లో గొడవ నడుస్తోంది. మూట విప్పి చూద్దాం.

ముందు మీది. మీ నెలనెలా జీతంలోంచి పెన్షన్ కోసం రూపాయి కోయలేదు. జీపీఎఫ్ కోశారు గానీ అది మీ పొదుపు, వడ్డీతో మీకే వచ్చింది. పెన్షన్ మాత్రం 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్స్ ప్రకారం సర్కారు ఖజానా నుంచి వస్తున్నది. 33 ఏళ్ల సర్వీసు ఉంటే చివరి మూల వేతనంలో సగం, తక్కువుంటే ఆ దామాషాలో. 1986 నుంచి 2019 దాకా మీవి 33 ఏళ్లు, అంటే నిండు పెన్షన్. లెక్కకు చివరి బేసిక్ 60 వేలు అనుకుంటే పెన్షన్ 30 వేలు. అందులో 40 శాతం, అంటే 12 వేలు కమ్యూట్ చేసుకుని, అంటే నెలనెలా వచ్చేది వదులుకుని, బదులుగా ఒకేసారి సొమ్ము తీసుకున్నారనుకుందాం, మిగిలింది 18 వేలు. పదిహేనేళ్లు నిండాక, అంటే 2034లో, ఆ 12 వేలు మళ్లీ వచ్చి కలుస్తాయి. కరువు భృతిని (డీఆర్) మాత్రం కమ్యూట్ చేయక ముందున్న 30 వేల మీదే లెక్కగడతారు.

అసలు రుచి ఇక్కడుంది. ధరలు పెరిగితే డీఆర్ పెరుగుతుంది. పీఆర్సీ (వేతన సవరణ) వస్తే పెన్షన్ కూడా పెరుగుతుంది. 2021లో 30 శాతం ఫిట్‌మెంట్ (పీఆర్సీ పెంపు) ఇచ్చినప్పుడు, అప్పటికే ఇంట్లో కూర్చున్న మీకూ పెరిగింది కదా. 70 దాటితే అదనపు పెన్షన్. మీ తర్వాత అమ్మగారికి కుటుంబ పెన్షన్. మీరెన్నేళ్లు బతుకుతారు, మార్కెట్ ఎట్లుంటుంది, ధరలు ఎంతవుతాయి అన్న మూడు భయాలూ సర్కారు తన నెత్తిన పెట్టుకుంది. అందుకే మన నల్లగొండ, పాలమూరు ఊళ్లలో "సారుకేం, పించినొస్తది" అనే మాట పుట్టింది. వానకు దిక్కులేని, బొంబాయి వలసలు పోయే పల్లెల్లో ఒకటో తారీఖున ఖాతాలో పడే డబ్బుకున్న విలువ బయటివాళ్లకు అర్థం కాదు. పెళ్లి సంబంధాల్లో కూడా ఈ పించినే అడ్డంగా నిలబడి కట్నం పెంచిందనేది వేరే కథ, ఇప్పుడు వద్దు.

ఈ ఏర్పాటు 2004 సెప్టెంబరు 1తో ఆగిపోయింది. ఆ రోజునుంచి ఉమ్మడి రాష్ట్రంలో కొత్తగా చేరినవాళ్లందరికీ సీపీఎస్, అంటే ఉద్యోగీ సర్కారూ చెరో వాటా వేసే కాంట్రిబ్యూటరీ పెన్షన్. 2014లో తెలంగాణ వచ్చాకా అదే కొనసాగింది. ఏటా సెప్టెంబరు 1ని టీచర్ల సంఘాలు పెన్షన్ విద్రోహ దినంగా పాటించేది ఇందుకే. 2003 డీఎస్సీ వాళ్ల గోడు మీకు తెలిసే ఉంటుంది. నోటిఫికేషన్ వచ్చింది పాత విధానం ఉన్నప్పుడు, ఆర్డర్లు చేతికొచ్చింది కొత్త విధానం మొదలయ్యాక. పరీక్ష రాసింది ఒక కాలంలో, లెక్క కట్టింది ఇంకో కాలంలో. 2017 టీఆర్టీ (అప్పటి టీచర్ల నియామక పరీక్ష) వాళ్లు గానీ, 2024 డీఎస్సీ వాళ్లు గానీ అందరూ సీపీఎస్ కిందే ఉన్నారు. రేపు మీ అబ్బాయి ఎంపికైనా అంతే.

మరి సీపీఎస్‌లో ఏం జరుగుతుంది? బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపిన మొత్తంలో 10 శాతం టీచరు జీతంలోంచి పోతుంది. మన రాష్ట్ర ప్రభుత్వం మరో 10 శాతం వేస్తుంది. కేంద్రం తన ఉద్యోగులకు 2019 ఏప్రిల్ నుంచి 14 శాతం వేస్తోంది, మన దగ్గర పదే. 2020 పీఆర్సీ స్కేళ్లలో స్కూల్ అసిస్టెంటుకు (పెద్ద తరగతుల సబ్జెక్టు టీచరుకు) మొదటి బేసిక్ 42,300. దాని మీద ఇటు 4,230, అటు 4,230, డీఏ మీద పడేది అదనం. ఈ డబ్బు ప్రాన్ అనే 12 అంకెల నంబరున్న ఖాతాకు చేరి, పెన్షన్ ఫండ్ల ద్వారా ఎక్కువ భాగం బాండ్లలో, కొంత షేర్లలో పెట్టుబడి అవుతుంది. దీన్ని చూసుకునే నియంత్రణ సంస్థ పీఎఫ్ఆర్‌డీఏ.

రిటైరైన రోజు ఆ ఖాతాలో ఎంతుంటే అంత. ప్రభుత్వోద్యోగి అందులో 60 శాతం వరకు ఒకేసారి తీసుకోవచ్చు. కనీసం 40 శాతంతో మాత్రం బీమా కంపెనీ దగ్గర యాన్యుటీ కొనాలి. నెలనెలా వచ్చే పెన్షన్ ఆ యాన్యుటీ నుంచే. లెక్క తేలిగ్గా ఉండాలని కోటి రూపాయలు పోగైందనుకుందాం. చేతికి 60 లక్షలు, యాన్యుటీకి 40 లక్షలు. ఏడాదికి 6 శాతం చొప్పున ఇస్తారనుకుంటే 2 లక్షల 40 వేలు, అంటే నెలకు 20 వేలు. కోటీ, ఆరు శాతమూ నేను అనుకున్నవే. నిజంగా ఎంతవుతుందో ఆ రోజు మార్కెట్, ఆ రోజు రేటు చెబుతాయి. ఒకటి మాత్రం ఖాయం. ఆ 20 వేలకు డీఆర్ లేదు, పీఆర్సీ లేదు. అరవై ఒకటో ఏట 20 వేలే, ఎనభయ్యో ఏటా 20 వేలే.

ఇంకో తేడా మీకు బాగా తెలుస్తుంది. ఇల్లు కట్టుకున్నప్పుడో, బిడ్డ పెళ్లప్పుడో మీలో చాలామంది జీపీఎఫ్ లోనుకు దరఖాస్తు పెట్టినవాళ్లే. సీపీఎస్ వాళ్లకు ఆ జీపీఎఫ్ లేదు. ప్రాన్ ఖాతాలోంచి మధ్యలో తీయాలంటే మూడేళ్లు నిండాలి. పిల్లల చదువు, పెళ్లి, ఇల్లు, పెద్ద జబ్బు లాంటి కారణాలుండాలి. అప్పుడు కూడా తాను కట్టిన దాంట్లో పావు వంతు వరకే. సర్కారు వేసిన వాటాను ముట్టనివ్వరు.

ఇంత చెప్పాక సీపీఎస్ అంటే గుండుసున్నా అనుకోకండి. మన రాష్ట్రంలో సీపీఎస్ టీచర్లకూ గ్రాట్యుటీ ఉంది. దాని పరిమితిని 2021లో 12 లక్షల నుంచి 16 లక్షలకు పెంచారు. సర్వీసులో ఉండగా చనిపోతే కుటుంబ పెన్షన్‌కు కూడా అదే ఏడాది దారి ఏర్పడింది. మొదట్లో ఇది లేక చిన్న వయసులో పోయినవాళ్ల ఇళ్లు చాలా దెబ్బతిన్నాయి. ఆ తర్వాత వచ్చిన మార్పుల్లో నా దృష్టిలో ఇదే పెద్దది.

పాత పెన్షన్ మళ్లీ వస్తుందన్న ఆశతో కోచింగ్‌లో చేరతానంటే మాత్రం నేను ఒప్పుకోను. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, హిమాచల్ ప్రదేశ్‌లు తిరిగి ఇచ్చాయన్నది నిజం. మన దగ్గర సంఘాలు కొట్లాడుతున్న మాటా నిజమే. కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి తన ఉద్యోగులకు యూపీఎస్ అని మధ్యే మార్గం ఒకటి తెచ్చింది. పాతికేళ్ల సర్వీసుంటే చివరి పన్నెండు నెలల సగటు బేసిక్‌లో సగం ఇస్తామంటోంది. అది కేంద్రానిది. వస్తే మీ అబ్బాయికి అదృష్టం. రాకపోతే కూడా నడిచేలా లెక్క ఉండాలి.

ఇప్పుడు మీరు నొచ్చుకునే మాట ఒకటి. "ఎస్జీటీ అయినా సరే" అన్నారు. మీ అబ్బాయికి ఎస్జీటీ దారి లేదు సారూ. ప్రాథమిక తరగతుల టీచరు పోస్టుకు బీఈడీ పనికిరాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తేల్చింది. డీఎడ్ చేసినవాళ్లకే ఆ పోస్టులు. అతను పోటీ పడాల్సింది గణితం స్కూల్ అసిస్టెంటు పోస్టుకు. జిల్లాలో ఆ సబ్జెక్టుకు, అతని రోస్టరుకు (రిజర్వేషన్ వరుసకు) ఎన్ని ఖాళీలున్నాయో చూడకుండా రాష్ట్రం మొత్తం అంకె చూసి మురిసిపోకూడదు. 2024లో 11,062 పోస్టులన్నారు. అందులో ఎస్జీటీలు, పండిట్లు, పీఈటీలు, స్పెషల్ ఎడ్యుకేషన్ తీసేసి, సబ్జెక్టులుగా, జిల్లాలుగా, కేటగిరీలుగా పంచితే ఒక్కో గడిలో మిగిలేది వేళ్ల మీద లెక్క. అంతకు ముందరి పెద్ద నోటిఫికేషన్ 2017లో వచ్చింది. నడుమ ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదుల్లో గడిపినవాళ్లను నేను చూశాను. ముప్పై ఐదు దాటాక నా దగ్గరికి వచ్చి "సార్, ఇప్పుడేం చేయమంటారు" అని అడిగినవాళ్లకు ఏం చెప్పాలో తోచక టీ తెప్పించిన రోజులున్నాయి.

అందుకని ఉద్యోగం మానవద్దు. 2024 డీఎస్సీలో గరిష్ఠ వయసు 46. మీ అబ్బాయికి తొందర లేదు. టెట్ ఉంది, సబ్జెక్టు చేతిలో ఉంది. పొద్దున రెండు గంటలు, ఆదివారం మొత్తం చదివితే చాలు. నోటిఫికేషన్ పడ్డాక, అతని గడిలో పోస్టులు కనబడ్డాక, రెండు మూడు నెలలు సెలవో, రాజీనామానో అప్పుడు ఆలోచించుకోవచ్చు.

అతను ఉన్నచోట పెన్షన్ సంగతి కూడా చూడండి. పీఎఫ్ కోస్తున్నారా, అందులో ఈపీఎస్ (పీఎఫ్‌లోని పెన్షన్ పథకం) వాటా పోతోందా? 2014 సెప్టెంబరు తర్వాత 15 వేలకు మించిన బేసిక్‌తో మొదటిసారి పీఎఫ్‌లో చేరినవాళ్లకు ఆ వాటా ఉండదు. ఉన్నా మురిసేంత రాదు. పరిమితి జీతం 15 వేలను సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. 14 ఏళ్లకు నెలకు 3 వేలు. చాలా ప్రైవేటు బళ్లలో అసలు పీఎఫే కట్టరు కాబట్టి, మన మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన సారు చేతికి ఇది కూడా రాదు.

మీ ఇద్దరికీ తెలియాల్సింది ఇంకొకటి ఉంది. సీపీఎస్ టీచరుకున్న ఆ ప్రాన్ ఖాతాను ప్రైవేటు ఉద్యోగి కూడా ఇవాళే తెరుచుకోవచ్చు. నెలకు మూడు వేలు వేసుకుంటూ పోతే, రేపు డీఎస్సీ వచ్చినా కొత్త నంబరు అక్కర్లేదు, అదే నంబరును ప్రభుత్వ విభాగానికి మార్చుకోవచ్చు. అంటే పెన్షన్ మటుకు చూస్తే సర్కారు బడికీ బయటి కొలువుకూ ఉన్న తేడా ప్రధానంగా సర్కారు వేసే ఆ పది శాతమే. అది చిన్నదేం కాదు. కానీ దాని కోసమే ఒకడు ముప్పై ఏళ్లు తనకిష్టం లేని తరగతి గదిలో నిలబడాలా? తరగతి గది అంటే అతనికి ఇష్టమైతే మాత్రం లెక్క మారుతుంది. జీతం బయటికంటే మెరుగు, ఇంక్రిమెంట్లు, పీఆర్సీ, 61 ఏళ్ల దాకా ఎవరూ తీసేయలేని కొలువు. ఇవన్నీ పెన్షన్‌కంటే బలమైన కారణాలు. మీరు వాదించాలంటే వీటితో వాదించండి. "నాకు వస్తోంది కదా" అంటే, మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడమన్నట్టే ఉంటుంది.

మరి ఇష్టమో కాదో ఎట్లా తెలుస్తుంది? సెలవు పెట్టి ఒక వారం దేవరకొండ రమ్మనండి. మీ పాత బడిలో హెడ్మాస్టరుకు చెప్పి పదో తరగతి పిల్లలకు రోజూ రెండు పీరియడ్లు లెక్కలు చెప్పనివ్వండి. బీఈడీ ప్రాక్టీసు వేరు, ఎదురుగా నలభైమంది తండా పిల్లలు త్రికోణమితి అర్థంకాక దిక్కులు చూస్తుంటే నిలబడటం వేరు. మీరు వెనక బెంచీలో కూర్చోకండి, దయచేసి.

ఒకవేళ కొలువు వస్తే, మొదటి నెలలోనే చేయాల్సిన పని చెబుతాను, కొత్తవాళ్లు దీన్నే పక్కన పెడతారు. చేరగానే ప్రాన్ దరఖాస్తు డ్రాయింగ్ ఆఫీసర్ ద్వారా ట్రెజరీకి పంపాలి. నంబరు ఆలస్యమైతే అన్ని నెలల సొమ్ము పెట్టుబడి కాకుండా నిలిచిపోతుంది. ఆ తర్వాత ఏటా స్టేట్‌మెంటు దింపుకుని, పే స్లిప్పుల పక్కన పెట్టి నెల నెలా టిక్కు కొట్టాలి. కోత పడి ఖాతాకు చేరని నెలలను వాళ్ల భాషలో మిస్సింగ్ క్రెడిట్స్ అంటారు. సర్కారు వాటా రాని నెలలు కూడా అక్కడే బయటపడతాయి. బదిలీలప్పుడు, మండలం మారినప్పుడు ఇవి ఎక్కువ. ఐదేళ్ల తర్వాత వెతికితే పాత ఆఫీసులో బిల్లు నంబరు దొరకదు. ఇంకా, పెళ్లికి ముందు నామినీగా మీ పేరు రాస్తాడు. పెళ్లయ్యాక ఆ కాగితం మార్చడం మరిచిపోతాడు. అది మార్చారా లేదా అని మీరే గుర్తుచేయండి.