మీరడిగారు: లండన్ – టోక్యో విమానం లెక్కలు

ప్రశ్న: హీత్రో (లండన్ విమానాశ్రయం) నుంచి హనేడా (టోక్యో విమానాశ్రయం)కి దూరం ఒకచోట 9,600 అని, ఒకచోట 5,970 అని, ఇంకోచోట 5,180 అని ఉంది. ఏది నమ్మాలి?

జవాబు: మూడూ సరైనవే. మొదటిది కిలోమీటర్లలో, రెండోది మామూలు మైళ్లలో, మూడోది విమానాలవాళ్లు వాడే నాటికల్ మైళ్లలో (ఒక్కోటి 1.852 కి.మీ.). కొలమానం చెప్పకుండా అంకె మాత్రమే వేసేవాళ్లతోనే వస్తోంది తంటా.

మీరే లెక్క కట్టుకోవచ్చు. హీత్రో 51.47 ఉత్తరం, 0.45 పడమర, హనేడా 35.55 ఉత్తరం, 139.78 తూర్పు. రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి. విడిగా రెండు అక్షాంశాల కొసైన్‌లనూ, రేఖాంశాల తేడా కొసైన్‌నూ గుణించండి. రెండూ కలిపితే సుమారు 0.065. ఆ కొసైన్ ఉన్న కోణం 86.26 డిగ్రీలు. డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున 9,590 దాకా వస్తుంది. భూమి అచ్చంగా గుండ్రం కాదు కాబట్టి ఓ పాతిక కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది. పడమర రేఖాంశానికి మైనస్ పెట్టాలి. స్ప్రెడ్‌షీట్‌లో చేస్తే డిగ్రీలను ముందు రేడియన్లలోకి మార్చాలి, లేకపోతే పొంతన లేని అంకె వస్తుంది.

ప్రశ్న: గంటకు 900 కి.మీ. వేగంతో పోతే పదకొండు గంటల్లో చేరాలి కదా, టికెట్‌లో దాదాపు 14 గంటలుందేం?

జవాబు: 2022 ఫిబ్రవరికి ముందు పన్నెండు గంటల లోపే ఉండేది. అతి దగ్గరి దారి స్కాండినేవియా, సైబీరియాల మీదుగా పోతుంది. గ్లోబు మీద దారం లాగి చూడండి, గోడ మ్యాపు మీద మాత్రం ఇది తెలియదు. యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక బ్రిటన్ విమానాలకు రష్యా గగనతలం మూసేసింది. జపాన్ సంస్థలు కూడా అటు పోవడం మానేశాయి. అందుకే ఇప్పుడు కాస్పియన్ సముద్రం, కజకిస్తాన్, చైనాల మీదుగా చుట్టు తిరుగుతున్నారు. తిరుగు ప్రయాణంలో ఆ దారిన ఎదురుగాలి గట్టిగా తగులుతుంది. అందుకని కొన్ని విమానాలు పసిఫిక్ మీదుగా తూర్పుకే బయల్దేరి అలాస్కా, గ్రీన్‌లాండ్ మీదుగా లండన్ చేరతాయి.

దూరం చెప్పే సైట్లకు ఇదేమీ పట్టదు. నేరు దూరాన్ని ఓ వేగంతో భాగించి, అరగంట కలిపి చెప్పేస్తాయి. టికెట్‌లో ఉండేది విమానం గేటు వదిలినప్పటి నుంచి మళ్లీ గేటు దగ్గర ఆగేదాకా పట్టే సమయం. రన్‌వే కోసం వరసలో నిలబడ్డదీ అందులోనే. దారి మూతపడని చోట దూరాన్ని 870తో భాగించి 40 నిమిషాలు కలపండి, చాలావరకు సరిపోతుంది.

ప్రశ్న: టోక్యోలో ఉదయం 10:00కి ఎక్కితే లండన్‌లో అదే రోజు మధ్యాహ్నం 3:30. అంటే ఐదున్నర గంటలేనా?

జవాబు: టికెట్‌లో ఏ ఊరి సమయం ఆ ఊరిదే. రెండింటినీ ముందు యూటీసీలోకి (ప్రపంచమంతటికీ ఒకటిగా ఉండే ప్రామాణిక సమయం) మార్చండి. టోక్యో దానికంటే తొమ్మిది గంటలు ముందుంటుంది, కాబట్టి మీరు ఎక్కింది 01:00కి. చలికాలంలో లండన్ సమయమే యూటీసీ, దిగింది 15:30కి. మొత్తం పద్నాలుగున్నర గంటలు. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా లండన్ గడియారం ఒక గంట ముందుంటుంది, జపాన్ మాత్రం మార్చదు. ఆ నెలల్లో తేడా ఎనిమిది గంటలే. తొమ్మిదని లెక్కేసుకుని దిగాక రైలు బుక్ చేసుకుంటే అది మీకు అందకపోవచ్చు.