‘వెతుకుతున్నట్టు’ ఉపమా, ఉత్ప్రేక్షా?

సందేహం: మా అమ్మ మీద రాసుకున్న కవిత ఇది.

అమ్మ తల రెల్లు పూసిన ఏటిగట్టు
వంగి నడుస్తుంటే
జారిపోయిన వయసును నేలమీద వెతుకుతున్నట్టు
సూదిలోకి దారం ఎక్కదు
కొస తడిచేసి, మెలేసి
వెలుతురుకేసి పట్టి మళ్లీ గుచ్చుతుంది
ఎవరైనా అందుకోబోతే ఇవ్వదు

‘వెతుకుతున్నట్టు’ ఉపమే కదా? చివరి నాలుగు పాదాల్లో అలంకారం లేదు, వట్టి వచనం, ఒక పోలిక చేర్చమని మిత్రురాలు అంటోంది. చేర్చాలా?

సమాధానం: మొదటి పాదం రూపకం. తల ఏటిగట్టులా ఉంది అనకుండా ఏటిగట్టే అన్నారు కాబట్టి అందులో తగాదా లేదు.

రెండోది ఉపమ కాదు, ఉత్ప్రేక్ష. ‘అట్టు’ కనిపించగానే ఉపమ అని రాసేయడం బళ్లో పడిన అలవాటు. ఆ ‘అట్టు’ తెలుగులో చాలా పనులు చేస్తుంది. ‘వచ్చినట్టు చెప్పారు’లో పోలికే లేదు. అందుకే ఉపమావాచకాన్ని (పోలిక తెలిపే మాటను) కాదు, ఉపమానాన్ని (దేనితో పోలుస్తున్నామో దాన్ని) చూడాలి. అది లోకంలో ఉన్నదైతే ఉపమ, కవి ఊహలోనే ఉన్నదైతే ఉత్ప్రేక్ష. పడిపోయిన కమ్మ దిద్దును వెతికేవాళ్లుంటారు కానీ వయసును నేలమీద వెతికేవాళ్లు లేరు. ఈ చిక్కు సంస్కృతంలోనూ ఉంది. ‘లింపతీవ తమోఽంగాని’ (చీకటి ఒంటికి పూత పూస్తున్నట్టుంది) అన్న మృచ్ఛకటిక నాటకంలోని శ్లోకంలో ‘ఇవ’ (అట్టు, లాగా) ఉంది కాబట్టి ఉపమ అన్నవాళ్లతో ఆలంకారికుడు దండి తన కావ్యాదర్శంలో పట్టుపట్టి వాదించి, అది ఉత్ప్రేక్షేనని తేల్చాడు.

మీ ఊహకు ఒక పాత చుట్టం కూడా ఉంది. నేల చూస్తూ నడిచే ముసలమ్మను ఒకడు ‘ఏం పడిపోయింది?’ అని వెక్కిరిస్తాడు. ‘మూఢుడా, నా యౌవనమనే ముత్యం’ అంటుందామె. ‘గతం తారుణ్యమౌక్తికమ్’ అని ముగిసే చాటు శ్లోకమది. అక్కడ జవాబు ఎత్తిపొడుపు. మీ దగ్గర మాట్లాడేది చూస్తున్న బిడ్డ. అందుకని దీన్ని అనుకరణ అనను.

ఇక చివరి పాదాలు. మీ మిత్రురాలికి దొరకని అలంకారం పేరు స్వభావోక్తి. ఉన్నదాన్ని ఉన్నట్టు, కళ్లకు కట్టేలా చెప్పడం. దండి దీనికే జాతి అని మరో పేరు చెప్పి, అలంకారాల్లో మొదటి పీట వేశాడు. ఆ తర్వాత వచ్చిన మరో ఆలంకారికుడు కుంతకుడు ఒప్పుకోలేదు. స్వభావం అలంకరించవలసిన వస్తువు కదా, అదే అలంకారం ఎలా అవుతుందన్నాడు. గట్టి ప్రశ్నే. అయినా నా మొగ్గు దండి వైపే. ‘దారం ఎక్కించలేకపోయింది’ అని ఊరుకుంటే అది వార్త. దాన్ని స్వభావోక్తి అనలేం. కొస తడిచేయడం, మెలేయడం, వెలుతురుకేసి పట్టడం... ఏవి చెప్పాలో మీరు ఏరుకున్నారు. ఆ ఏరుకోవడంలోనే అలంకారం ఉంది. ‘ఇవ్వదు’ అన్న ఒక్క క్రియలో ఆవిడ పంతమంతా వచ్చేసింది.

కాబట్టి పోలిక చేర్చకండి. ‘యోధురాలిలా’ లాంటి మాట ఏది పెట్టినా పాఠకుడి చూపు సూది మీంచి మీ మీదికి మళ్లుతుంది. మార్చి తీరాలనిపిస్తే మొదటి పాదం చూడండి. నెరిసిన తలకు రెల్లుపూలు బాగా అరిగిన ఉపమానం. ‘ఏటిగట్టు’ ఉండబట్టి కాస్త నిలబడింది.