ఎండ అనకుండా ఎండ గురించి రాయడం

చి. మాధవికి, పెద్దనాన్న ఆశీస్సులు.

ఆగస్టు కరువు మీద నువ్వు పంపిన హైకూల్లో (మూడు పాదాల చిన్న కవితల్లో) ‘మండుటెండ / ఎడారి గుండె / దాహంతో విలవిల’ అన్నది తీసెయ్యమ్మా. మూడు పాదాల్లోనూ ఒకటే మాట. అమెరికాలోని ఫీనిక్స్‌లో ఉండి రాశావో, రాజస్థాన్‌లో ఉండి రాశావో దాన్నిబట్టి తెలియదు.

ముందు కాలం సరిచూసుకో. మృగశిర వస్తే చల్లబడడం మన ఊళ్ల లెక్క. ఫీనిక్స్ ఉన్న సొనోరా ఎడారిలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా వానకాలం అంటారు గానీ వాన పడాలని రూలేం లేదు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. ఆ వానకాలం మొత్తానికి అక్కడి విమానాశ్రయం దగ్గర పడింది 4 మిల్లీమీటర్ల లోపే. అందుకే ఆగస్టు కరువు పద్యంలో ఆకాశం ఖాళీగా ఉండనక్కర్లేదు. మబ్బు పడుతుంది, ఉరుముతుంది, దుమ్ము గోడలా లేస్తుంది, వాన తెర నేలను తాకకముందే ఆవిరైపోతుంది.

చెట్లు అబద్ధాన్ని పట్టిస్తాయి. ఒకొటియో అనే ముళ్ల పొద వాన పడిన కొద్ది రోజుల్లో ఆకు తొడిగి, తడి ఆరగానే రాల్చేస్తుంది. కరువు పద్యంలో దాన్ని పచ్చగా పెడితే వాన పడిందని నువ్వే చెప్పినట్టు. పాలో వెర్డే చెట్టుకి ఆకులు రాలినా బెరడు పచ్చగానే ఉండి ఆహారం తయారుచేసుకుంటుంది, దాన్ని ‘మోడు’ అనకు. క్రియోసోట్ పొద వాసన గుప్పుమనేది తడిసినప్పుడే. సగువారో అనే నిలువెత్తు కాక్టస్ పండ్లు జూన్, జూలైల్లో పండుతాయి, ఆగస్టు చివర్లో వాటిని వెతకకు. ఆ నెలలో పూసేది బ్యారెల్ కాక్టస్. సగువారోని చూడాలంటే పండు కాదు, ఒంటి మడతలు చూడు: నీరు తగ్గేకొద్దీ దగ్గరపడతాయి.

తెల్లవారకముందు ఒకసారి, పొద్దువాలాక ఒకసారి ఒకే చోట నిలబడి ఐదేసి వస్తువులు రాసుకో. వస్తువు, అది చేసిన పని, అంతే. విశేషణాలు వద్దు. (నీళ్ల సీసా మరిచిపోకు, మధ్యాహ్నం కవిత్వం వద్దు.) తరవాత దూరంగా ఉన్నదొకటి, చేతికందేదొకటి తీసుకుని పక్కపక్కన పెట్టు:

వాన తెర సగంలోనే మాయం
కారు తలుపు పిడికి
చేతిరుమాలు

ఇందులో వేడి అన్న మాట లేదు, అయినా చెయ్యి చురుక్కుమంటుంది. రెంటికీ మధ్య ‘కాబట్టి’, ‘లాగా’ చేర్చావంటే చచ్చిపోతుంది.

మన క్రియలతో జాగ్రత్త. హైకూ పాదాలకు 5-7-5 అక్షరాలని లెక్క. ‘ఎండిపోతున్నాయి’ ఒక్కటే ఆరు అక్షరాలు, ఐదక్షరాల పాదంలో పట్టనే పట్టదు. క్రియ తీసేసి చూడు, చాలాసార్లు అవసరం ఉండదు. ఒకొటియో, సగువారో లాంటి పేర్లు పద్యానికి ఒకటి చాలు. 5-7-5 కోసం ‘ఆహా’లూ ‘అయ్యో’లూ ఇరికించేకన్నా అక్షరాలు అటూఇటూ అయినా నయం.

హైకూలో ఇమడకపోతే నానీ రాయి. నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు, మొదటి రెండు పాదాలు ఒక ముక్క, చివరి రెండు ఇంకో ముక్క. ఇది 23:

ఉరుము విని
మట్టి తవ్వుకొచ్చిన కప్ప
వాన మాత్రం
పక్క ఊళ్లోనే

స్పేడ్‌ఫుట్ కప్ప నెలల తరబడి మట్టిలోనే ఉండి, ఉరుము అదురుకు పైకొస్తుంది. ఆ సంగతి తెలియకపోతే ఇది వట్టి చమత్కారం.

సెప్టెంబరు ఆఖరులోగా ఒక పది పంపు. ఒక్కదాంట్లోనూ ‘దాహం’ కనబడకూడదు.

పెద్దనాన్న